పొదిగే పెట్ట

పొదిగే కోడిని కోసుకుని తినే మనిషి ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఉన్నాడు. నా మొగుడే. పేరు మునికృష్ణప్ప. గుడిబండె చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, బంగారంలాంటి మనిషంటారు. బంగారమే, గడప దాటితే.

ఆ రోజు నేను చింతామణిలో మా పెద్దమ్మ మనవడి నామకరణానికి పోయాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లోకే మసాలా వాసన కొట్టింది. బాగేపల్లి నుంచి బోరు లారీ గోపాలప్ప వచ్చాడట. ఆయన ఫారం కోడి ముట్టడట. మా చేనులో బోరు వేయడానికి ఆయన లారీయే రావాలి కాబట్టి ఈయనకు మర్యాద పొంగిపొర్లింది. నేరుగా నా పెట్ట పొదుగుతున్న గంప దగ్గరికి పోయాను. గుడ్లు ఉన్నాయి. పెట్ట లేదు.

"యాడప్పా నా పెట్ట?"

"మిగతావి చిక్కలేదే. తరిమి తరిమి ఆయాసమొచ్చింది. ఇదొకటే గంపలో కూచోనుండె. చెయ్యి పెట్టినా కదల్లేదు," అన్నాడు మా ఆయన ఎముక చీకుతూ.

కదలదు! గుడ్ల మీద కూర్చున్న తల్లి ఎందుకు కదులుతుంది? అది కదలకపోవడమే ఈయనకు సులువైంది.

ఆ పెట్ట సంతలో కొన్నది కాదు. నా కొడుకు పుట్టాక మంచేనహళ్ళి నుంచి అత్తవారింటికి వచ్చేటప్పుడు మా అమ్మ మెడ మీద ఈకలుండని బోడిమెడ పెట్టను ఒకదాన్ని నాతో పంపింది. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అట్లా అమ్మ కోళ్ళు మా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాయి. అమ్మ పోయింది. అన్నలు అక్కడి కోళ్ళన్నీ అమ్మేసి ఆ జాగాలో ఆవుల షెడ్డు కట్టారు. పోయిన ఎండాకాలం తెగులు తగిలి నా దగ్గర కూడా ఆ ఒక్క పెట్టే మిగిలింది. తక్కినవన్నీ సంత కోళ్ళు. అమ్మది అని చెప్పుకోవడానికి ఇక నాకు ఉన్నవి ఆ గంపలో గుడ్లే.

తిట్టాను. గోపాలప్ప చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి పోయేటట్టు తిట్టాను. "ఒక కోడికి ఇంత గలాటా?" అన్నాడు మా ఆయన. దానికి ఇంకో విడత తిట్టాను.

గుడ్లు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. గంపలో రాగిగడ్డి సర్ది, పైన బల్బు వేలాడదీసి, తేమ కోసం పక్కన నీళ్ళ గిన్నె పెట్టాను. కరెంటు పోయినప్పుడల్లా గుడ్లను చీరకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయనతో మాట్లాడింది లేదు, తిట్టడానికి తప్ప.

పిల్లలు బయటికి రావాల్సిన రోజు వచ్చింది. పక్కింటి మునివెంకటమ్మ ఒక్కొక్క గుడ్డూ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "ఇవన్నీ పోయినాయమ్మా సుజాతా. ఇదొకటే పలుకుతాండాది," అని నా చేతిలో పెట్టింది. దాని పెంకుకు చిన్న బీట పడి ఉంది. పిల్ల ముక్కు కొన మాత్రం కనిపిస్తోంది. ఎంతసేపు చూసినా బీట పెరగలేదు. లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయింది.

గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పొరను తడిపాను. గోటితో పెంకును రవ్వంత రవ్వంతగా తీశాను. మా అమ్మ చేస్తుంటే చూసిన పనే. ముక్కు చుట్టూ గాలి ఆడేంత జాగా అయింది. అంతలో పొర మీద సన్నగా రక్తం కనిపించింది. చెయ్యి తీసేశాను.

"ఇంక ముట్టుకోవద్దు. ఆ రక్తమంతా పిల్లలోకి పోవాల. సొన కడుపులోకి లాక్కోవాల. అప్పుడు అదే తన్నుకోని వస్తాది," అంది మునివెంకటమ్మ.

మా ఆయన గడపలో కూర్చుని చూస్తున్నాడు. "ఆపేసినావేమే? పాపం, అరుస్తాండాది కదా."

"అరవనీ. అరుస్తాందంటే బతికుండాదని. నువ్వు దాని జోలికి పోవద్దు. రేపటికి అదే వస్తాది."

పాలు పోయడానికి డైరీకి పోయాను. అక్కడ జనం ఎక్కువై ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. దోసిలి నా ముందు చాపాడు.

"చూడు! నువ్వు భయపడి ఆపేస్తివి. నేను ఒకే తూరికి తీసేసినా. మెడ చూడు, బోడిగానే ఉండాది. మీ అమ్మ కోడేనే!"

మెడ బోడిగానే ఉంది. బొడ్డు దగ్గర సొన సంచి ఇంకా బయటే వేలాడుతోంది. ఆయన వేళ్ళ సందుల్లో రక్తం.

"ఇంక నామింద కోపం పోయిందా?" అన్నాడు.

నోరు తెరిచాను. ఇన్నాళ్ళు ఆగకుండా ఆడిన నోరు, మాట రాలేదు. బహుమానం తెచ్చినవాడిలా నిలబడ్డాడు మనిషి. పెళ్ళయ్యాక నేను అడక్కుండా ఆయన నాకోసం చేసిన పని అదొక్కటే. పిల్లను నా చేతిలోకి తీసుకున్నాను. రెండుసార్లు నోరు తెరిచింది. తర్వాత తెరవలేదు.

"అయ్యో, బలం లేనట్టుండాది. పోనీలే, సంతలో మంచి పెట్టను చూసి తెస్తా," అన్నాడు. మళ్ళీ అడిగాడు. "కోపం పోయిందా లేదా, చెప్పవే."

"పోయిందిలే," అన్నాను.

అబద్ధం కాదు. నిజంగానే పోయింది. ఆ రోజు నుంచి ఆయన్ని ఒక్క మాట అనలేదు. సంగటి చేసి పెడతాను, అడిగినదానికి జవాబు చెప్తాను. తిట్టాలన్నా ఆ మనిషి ఎప్పటికైనా మారతాడన్న ఆశ కొంచెమైనా ఉండాలి కదా, నాకు అదీ చచ్చిపోయింది. ఆయన మాత్రం టీ అంగడి దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకుంటున్నాడు.

"మా ఇంట్లో ఇప్పుడు గలాటే లేదప్పా. సుజాత ఎంత నెమ్మదైపోయిందో!"