చెయ్యి లేవని కోటు

కుట్టుపనిలో ఆమెకు తిరుగులేదు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి కొలత చెప్పేసే కన్ను ఆమెది. దుకాణం పేరుతో ఫోన్‌లో ఒక పేజీ తెరిచాక ఆ పేరు ఎక్కడెక్కడికో పాకింది. రోజుకో ఫోటో పెట్టేది. మెచ్చుకోళ్లు వచ్చిపడేవి.

బస్సు నడిపే చెల్లెలికి చలికాలానికని నీలం కోటు కుట్టింది. భుజాలు గీత గీసినట్టు, నడుము అచ్చు పోసినట్టు కుదిరాయి. అద్దం ముందు నిలబెట్టి తీసిన ఫోటోకి తొమ్మిది వందల మంది లైక్ కొట్టారు. చెల్లెలు కూడా దాని కింద "సూపర్ అక్కా" అని రాసింది.

పది రోజుల తర్వాత బొత్తాలు కొనడానికి వెళ్తూ ఆమె ఎక్కిన బస్సు చెల్లెలిదే అయింది. డ్రైవరు సీట్లో చెల్లెలు, ఒంటి మీద మోచేతులు వెలిసిన పాత కోటు. అక్కను చూడగానే మొహం అటు తిప్పుకుంది.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక అక్క అడిగింది. కొత్తది ఉతకడానికి వేశానని మొదట బుకాయించి, తర్వాత చెల్లెలు నిజం ఒప్పుకుంది.

"అది వేసుకుంటే చెయ్యి లేవట్లేదక్కా. స్టీరింగ్ తిప్పితే చంకలో పట్టేస్తోంది."

"మరి సూపర్ అని రాశావేంటే?"

"అంతమంది పొగుడుతుంటే సొంత చెల్లెల్ని, నేను వంక పెట్టనా?"

"నాతో విడిగా చెప్పొచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? ఫోన్ చేస్తే ఫోటో పెడుతున్నా, తర్వాత చేస్తానంటావు."

ఆమెకు చురుక్కుమంది. కోపం రాలేదా అంటే వచ్చింది. బస్సు దిగి రెండు వీధులు నడిచేసరికి చల్లారింది. గుడ్డ కత్తిరించేటప్పుడే చంక కింద వదులు ఉంచాలని ఆమెకు తెలుసు. ఫోటోలో ముడత పడుతుందని తనే మానేసింది.

మర్నాడు చెల్లెల్ని పిలిపించింది. ఈసారి నిలబెట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పెద్ద పళ్లెం ఇచ్చి తిప్పమంది. చెల్లెలు ప్రతి మలుపుకీ నోటితో హారన్ కొట్టింది. అక్క నవ్వు ఆపుకుంటూ సుద్దముక్కతో గీతలు గీసి, కుట్లు విప్పి, చంకలో గుడ్డముక్క వేసి మళ్లీ కుట్టింది. ఆ పూటంతా ఫోన్ సొరుగులోనే ఉంది.

పేజీలో మళ్లీ అదే కోటు పెట్టింది, ముడతలతో సహా. మొదట తప్పు కుట్టాననీ, ఇప్పుడు సరిచేశాననీ రాసింది. ఎప్పుడూ వచ్చే లైకుల్లో సగం కూడా రాలేదు. ఆమెకేమీ వెలితి అనిపించలేదు. తన పనేంటో తనకు తెలుసు. బస్సు డిపో నుంచి మాత్రం ఇద్దరు డ్రైవర్లు కొలతలివ్వడానికి వచ్చారు.

వారం తిరక్కుండా చెల్లెలు ఫోన్ చేసింది. కోటుకి ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగైందట.

"ఆదివారం పట్రా, చూద్దాం. ఇంకేమైనా వంకలుంటే ఇప్పుడే చెప్పు," అంది అక్క.

చాలానే ఉన్నాయంది చెల్లెలు. అక్క మిషను మీది నుంచి కాలు తీసి, తీరిగ్గా వెనక్కి వాలింది.