నీళ్ళ కింది పెరడు

మా నాన్నను కన్న తల్లి రేణుకమ్మ తొంభై ఏళ్ళు బతికింది. ఆమె ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. నలభై ఏళ్ళ కిందట ఆనకట్ట నీళ్ళు వెనక్కి తన్ని ఆ ఊరిని ముంచేశాయి. అప్పటికి నాన్నకు పన్నెండేళ్ళు. నెత్తిన ఒక మూటతో, కొడుకు చెయ్యి పట్టుకుని, అవ్వ తాత వెంట వీపనగండ్లకు వచ్చింది. మరుసటి ఏడే తాత కూలీల గుంపుతో మట్టిపనికి దూరం వెళ్ళి, మీద బండరాయి పడి చనిపోయాడు. కబురు అందడానికే రెండు నెలలు పట్టింది.

అవ్వ ఏడుస్తూ కూర్చోలేదు. కౌలు చెలకలో రాళ్ళేరి ఆముదాలు వేసింది. కరువు ఏడాది ఒక ఎద్దు చచ్చిపోతే, కాడికి రెండో పక్క తన భుజం ఆనించి గొర్రు లాగింది. ఆ భుజం మీద నల్లటి కాయ చివరిదాకా ఉండిపోయింది. చిన్నప్పుడు నేను దాన్ని వేలితో నొక్కేదాన్ని.

"నొస్తదా అవ్వా?"

"అప్పుడు నొచ్చింది. ఇప్పుడెందుకు నొస్తది, పిచ్చిదానా" అని నవ్వేది.

ఎండాకాలం నీళ్ళు తగ్గి పాత ఊరు బయటపడితే అందరూ చూడడానికి పోయేవారు. అవ్వ ఒక్కసారి కూడా పోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

పోయిన డిసెంబరులో మంచం పట్టింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సుగా చేస్తున్న నేను సెలవు పెట్టి వచ్చాను. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక అవ్వ కళ్ళు మూసుకుని తన ఊళ్ళో నడిచేది. "ఇది అనంతయ్య ఇల్లు. ఈడ ఒర్రె నీళ్ళు దాటాలె. జర పదిలం." దుప్పటి కింద ఆమె పాదాలు నిజంగానే కదిలేవి.

ఒకరోజు ఆ పాదాలు ఆగిపోయాయి.

"అమూల్యా, పాప ఏడుస్తున్నది. నీళ్ళల్ల సలి పెడుతున్నదంట."

"ఏ పాప అవ్వా?"

"ఈదమ్మ. నా పెద్ద బిడ్డ. మీ నాయిన పుట్టకముందే పోయింది. నాలుగేండ్లు. పెరట్ల రోలు పక్కన మట్టిల పెట్టినం. ఊరు ఇడిసేటప్పుడు తీసుకపోదామంటే మీ తాత వద్దన్నడు." నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా బూడిద పిడికెడు ఉంచుర్రి. నీళ్ళు తగ్గినంక దాని కాడ పెట్టుర్రి."

అవ్వకు అప్పుడు నూట రెండు జ్వరం. నన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం మంచులా ఉంది. వేళ్ళ కొసలు చాలాసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. నాలుగో రోజు అవ్వ పోయింది.

తనకు ఒక అక్క ఉండేదని నాన్న బాలయ్యకు నేను చెప్పేదాకా తెలియదు.

మే నెలలో చేపలు పట్టే తిమ్మప్ప మమ్మల్ని పడవలో తీసుకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. పగుళ్ళిచ్చిన ఒండ్రు, మోకాలెత్తు మొండిగోడలు, ఎటు చూసినా ఒకటే తీరు. నాన్న దిక్కుతోచక నిలబడిపోయాడు. బూడిద ముంత పట్టుకుని నేను ముందు నడిచాను. ఏ మలుపు ఎందుకు తిరిగానో చెప్పలేను. నా కాళ్ళు తిరిగాయి, నేను వెళ్ళాను.

ఒకచోట వెనక్కి చూస్తే, ఏమీ లేని జాగాలో నాన్న నడుము దాకా వంగి ముందుకు వస్తున్నాడు.

"ఎందుకు వంగినవ్ నాయినా?"

"నువ్వే గద, తల వంచు, దర్వాజ కిందికున్నదంటివి?"

"నేనేం అనలే."

నాన్న కాళ్ళకింద చూసుకున్నాడు. మట్టిలో సగం కూరుకుపోయిన గడప రాయి ఉంది. తిమ్మప్ప భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు.

"నాకు గూడ ఇనొచ్చింది. గాని అది ఈ బిడ్డ గొంతు కాదు" అన్నాడు. ఆపైన ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

వెనక పెరట్లో రోలు అంచు దాకా దిగబడి ఉంది. చుట్టూ నేల కాలిపోతోంది. రోలు పక్కన మాత్రం, ఒక చిన్నపిల్ల పడుకునేంత మేర, మట్టి తడిగా నల్లగా ఉంది. తాకితే జిల్లుమంది. నాకు లేచి పరుగెత్తాలనిపించింది. నాన్న మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతోనే చిన్న గుంట తీసి, బూడిద పోసి, మట్టి కప్పాడు.

"నాకు తెల్వకపాయె అక్కా" అన్నాడు.

మేము చూస్తుండగానే ఆ తడి అంచుల నుంచి లోపలికి తెల్లబడుతూ వచ్చింది. కాసేపటికి మిగతా నేలకూ దానికీ తేడా లేకుండా పోయింది.

ఆ సాయంత్రమే ఇల్లు చేరాం. నాకు వారం దాకా నిద్ర సరిగా పట్టలేదు. నాన్న మాత్రం ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉన్నాడు.

పెద్దల పేరిట బియ్యం ఇచ్చే పెత్తరమాస వచ్చింది. అయ్యగారు పేర్లు అడిగారు. నాన్న తాత పేరు, అవ్వ పేరు చెప్పి, ఈదమ్మ అని మూడో పేరు చెప్పాడు.

"ఆమె మీకేమైతది? ఎంత వయసు?" అని అడిగారు అయ్యగారు.

తల నెరిసిన మా నాన్న మెల్లగా అన్నాడు: "మా అక్క. నాలుగేండ్లు."