పొగకు ఎదురెగిరే జెండా

షట్టరు పైకి నెట్టి లైటు వేసేసరికి గోడమీద సముద్రం లేదు.

బాబాయి లైటు ఆర్పి మళ్లీ వేశాడు. లేదు. ఇరవై రెండేళ్లుగా స్టూడియో వెనకమూల పైకప్పు నుంచి నేలదాకా వేలాడిన నీలం గుడ్డ, దానిమీద తను గీసిన అలలు, దూరంగా పొగ వదులుతూ పోయే ఓడ, ఎడమపక్క తెల్లటి లైట్‌హౌసు, అన్నీ మూకుమ్మడిగా మాయమయ్యాయి. గుడ్డను తగిలించే ఇనప కడ్డీ మాత్రం రెండు కొక్కేలకు బోసిగా వేలాడుతోంది.

చేతిసంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయి అల్మరా దగ్గరికి పరిగెత్తాడు. కెమెరా ఉంది. లెన్సులున్నాయి. గిరాకీలకు తొడిగే మూడు కోట్లూ, ముడివేసి సిద్ధంగా ఉంచిన టైలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నిన్న షాపుకి సెలవు. ముందు తాళం ఎవరూ ముట్టుకోలేదు. పక్కసందులోకి తెరుచుకునే తలుపు వేసే ఉంది. దాని మారుతాళంచెవి కరెంటు మీటరు మీద ఉంటుందన్న రహస్యం ఆ వీధిలో పిల్లులకు కూడా తెలుసు.

అప్పుడు గోడ వంక సరిగ్గా చూశాడు.

ఆ గుడ్డ పుట్టిందే ఆ గోడ మూలంగా. లోపలి నుంచి ఉప్పు పొంగి, పెచ్చులూడి, ఇటుకలు పళ్లికిలించేవి. ముందు దాన్ని కప్పు, బాగుచేయించే సంగతి తర్వాత చూద్దాం అన్నాడు పాత యజమాని. బాబాయి కప్పాడు. ఆయన బాగుచేయించకుండానే పోయాడు. ఇప్పుడా గోడ బూడిదరంగులో, ఎక్కడా గీత లేకుండా, చంటిపిల్ల చెంపలా నున్నగా ఉంది. వేలు ఆనించాడు. తడి.

సొత్తు ఎత్తుకుపోయేవాడు గోడకు ప్లాస్టరింగు చేసి పోతాడా?

వంగి, గోడ నేలను కలిసే చోట చెయ్యి పెట్టి చూశాడు. అక్కడ సిమెంటు మూలగా ఆగలేదు. సీసా దొర్లించినట్టు గుండ్రంగా వంపు తిరిగింది. నీళ్లు నిలవకుండా అలా వంపు తిప్పే చెయ్యి అతనికి తెలిసినంతలో ఒక్కటే. తాపీమేస్త్రిది.

పద్దెనిమిదేళ్లుగా నెలనెలా వచ్చే గిరాకీ మేస్త్రి. ఎప్పుడూ నల్లకోటే అడుగుతాడు, చేతులు పొట్టివైనా సరే. బావా అని పిలుస్తాడు. ఇవాళ మధ్యాహ్నం విమానానికి శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. పోయిన వారమే చివరి ఫోటో తీయించుకుని, గుడ్డ అంచు పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు. గోడ మాట ఎత్తలేదు. గోడ పని చేసేది మేస్త్రే అయినా, చేయించేవాళ్లు వేరే ఉంటారు కదా.

అతన్ని అందరూ గడ్డం బాబాయి అంటారు. గడ్డం లేదు, రోజూ నున్నగా గీసుకుంటాడు. ఫోటోకు కూర్చున్న ప్రతివాడితోనూ "గడ్డం కాస్త దించు నాయనా" అంటాడు కాబట్టి ఆ పేరు అతుక్కుంది. యాభై ఎనిమిదేళ్ల సన్నటి మనిషి. ఎడమకన్ను సగం మూసుకునే ఉంటుంది, చేతిలో కెమెరా లేకపోయినా. దేశం కాని దేశం వచ్చింది ఊళ్లు తిరిగి ఫోటోలు తీద్దామని. క్యాలెండర్ల మీద జలపాతాలూ, కోటలూ, వంతెనలూ వేసే కంపెనీకి మనిషి కావాలన్నారు. విమానం దిగేసరికి ఆ కంపెనీ మూతపడింది. ఈ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే పని దొరికింది. చేరిన వారంలో ఒక్కసారి బస్సెక్కి సముద్రం దాకా పోయి ఒక ఫోటో తీశాడు. దాన్ని ఎదురుగా పెట్టుకుని గీసిందే ఆ గుడ్డ.

మిగతా దేశమంతా అతనికి ఇతరుల ఫోటోల్లోనే పరిచయం. యాత్రికులు ప్రింట్లకు ఇచ్చిపోయే వందల ఫోటోలు అతని చేతిమీదుగా పోయాయి. ఊరవతలి పాత వంతెన మీద ఏ వేళకు ఎండ పడుతుందో చెప్పగలడు. దాని మీద కాలు పెట్టలేదు. రంగు తేడా వచ్చి పక్కన పడేసిన ప్రింట్లను తను తీసినట్టు భార్యకు పంపేవాడు. ఆవిడ వాటిని కుట్టుమిషను ఎదుటి గోడకు అతికించుకుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకునేవారట. ఒకసారి ఫోన్లో అడిగింది:

"అన్ని ఊళ్లు తిరుగుతున్నారు సరే, ఒక్కదాన్లోనూ మీరు లేరేంటి?"

"తీసేవాడు ఫోటోలో ఎలా ఉంటాడే?"

ఆ జవాబు పదిహేనేళ్లుగా చెక్కుచెదరకుండా పనిచేస్తోంది.

ఇప్పుడు యజమాని కూతురే యజమానురాలు. స్కూలు బట్టల్లో ఈ షాపుకొచ్చి బాబాయి స్టూలెక్కి ఆడుకున్న పిల్ల. ఇప్పటికీ అంకుల్ అనే పిలుస్తుంది. పోయిన వారం అంతే మర్యాదగా చెప్పింది: నెలాఖరు దాకా చూస్తుంది, ఆ మూలకు గిరాకీ లేకపోతే ఫోన్ కవర్ల స్టాండు పెడుతుంది. మూల పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ముప్పై రోజుల్లో దేశం వదలాలి. ఇంటికి పోవడానికి అతనికి భయం లేదు. పోయాక భార్య తన గోడమీదున్న వంతెన చూపించి, అక్కడ గాలి ఎలా ఉంటుందని అడిగితే ఏం చెప్పాలన్నదే భయం.

అలవాటుగా సెల్‌ఫోను తీసి సొరుగులో పడేశాడు. షాపు మూసేదాకా పనివాళ్ల ఫోన్లు సొరుగులోనే ఉండాలన్నది ఆ అమ్మాయి పెట్టిన నియమం.

ముందు బల్ల దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రవాణ్ని సెల్లు డాక్టరంటారు. వాడు వచ్చి వెనక్కి తొంగిచూశాడు.

"సముద్రం ఇంకిపోయిందా బాబాయ్?"

బాబాయి వాడి మొహం చూశాడు. కవర్ల స్టాండు వస్తే లాభం వాడికే. వాడికి ఆ చూపు అర్థమైంది.

"నన్నలా చూడకు. ఎత్తుకుపోతే నీ కెమెరా ఎత్తుకుపోతాను గానీ, ఆ గుడ్డ నాకెందుకు? కిటికీకి కడితే ఈగలు కూడా లెక్కచేయవు. అయినా గోడెవరిది? బాగుచేయించాల్సిందెవరు? అది ఆలోచించు."

అదే బాబాయి ఆలోచిస్తున్నదీ. ఆ అమ్మాయి గుట్టుచప్పుడు కాకుండా సెలవురోజు పని కానిచ్చింది. చేసినవాడు మేస్త్రి. తెలిసి కూడా పోయిన వారం నల్లకోటు తొడుక్కుని నవ్వుతూ నిలబడ్డాడు.

ఆ రోజు ఊరందరికీ సెలవు, బాబాయికి వారంలో నిజమైన పని ఉండే రోజు అదొక్కటే. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నా ఇక్కడికే వస్తారు. ఫోన్లో దిగితే వెనక ఇనప మంచాలూ, ఆరేసిన బనీన్లూ పడతాయి. ముందు క్రేను నడిపేవాళ్లిద్దరు వచ్చారు. గోడ చూసి, సముద్రం వచ్చాక వస్తామన్నారు. ఆ తర్వాత ఒక వంటవాడు. ఆ తర్వాత ముగ్గురు డ్రైవర్లు, వాళ్లలో ఒకడు చొక్కా కొత్తగా కుట్టించుకున్నాడు పాపం. పదకొండయ్యేసరికి ఎనిమిదిమంది వెనుదిరిగారు.

తొమ్మిదో మనిషి పెద్దింట్లో పిల్లల్ని చూసుకునే ఆయా. ఆమె గోడను నిదానంగా పరికించి స్టూలు మీద కూర్చుంది.

"తియ్యి బాబాయ్. ఇదే బాగుంది. సొంతిల్లు కట్టుకున్నాననుకుంటారు మావాళ్లు."

కెమెరాలోంచి చూశాడు. ఎప్పుడూ ఆ గుడ్డ ముందు ఎవరు కూర్చున్నా అతని కన్ను ముందుగా జెండా మీదికే పోయేది. పొగను ఫోటో చూసి గీశాడు. అది కుడివైపుకు సాగింది. జెండా లేని ఓడేంటయ్యా అని పాత యజమాని విసుక్కుంటే చివర్లో హడావిడిగా జెండా వేశాడు. అది ఎడమవైపుకు ఎగిరింది. ఒకే గాలి రెండువైపులా ఎలా వీస్తుంది? కనిపెట్టేసరికి నలభైమంది ఫోటోలు ఇళ్లకు వెళ్లిపోయాయి. ఇక దిద్దలేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని ఇరవై రెండేళ్లు దాన్నే కాపలా కాశాడు. ఇవాళ కాపలా కాయడానికి ఏమీ లేదు. ఆయా మొహమే ఉంది. ఎడమచెంప మీద వేడినూనె చుక్క పడిన మచ్చ. ఎన్నేళ్లుగానో వస్తోంది, ఎప్పుడూ చూడలేదు. గడ్డం దించమనబోయి ఊరుకుని, బటను నొక్కాడు.

మధ్యాహ్నం యజమానురాలు వచ్చింది. గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంకుల్, మీరే చేయించారా? నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది."

ఆమె మొహంలో నటన లేదు. చిన్నప్పుడు స్టూలు విరగ్గొట్టి అబద్ధమాడినప్పుడు ఆ మొహం ఎలా ఉండేదో బాబాయికి తెలుసు. పొద్దుటినుంచీ కట్టుకుంటూ వచ్చిన అనుమానమంతా కూలిపోయింది. ఈమె చేయించలేదు. మరి మేస్త్రి ఎవరి మాట మీద చేశాడు?

ఆమె ఉంగరం వేలితో గోడను రెండుసార్లు తట్టింది. ఇంత గట్టి గోడ తయారయ్యాక నెలాఖరు దాకా ఆగడం దేనికంది. రేపే డ్రిల్లు మనిషిని పిలిచి స్టాండు బిగించమని సెల్లు డాక్టరుకు పురమాయించి వెళ్లిపోయింది. పుండు మీద కారం చల్లినట్టయింది బాబాయికి. వీధి చివరి మేడల మీదుగా ఒక విమానం చప్పుడు చేసుకుంటూ పోయింది. సమయం చూశాడు. మేస్త్రి విమానమదే అయి ఉంటుంది.

ఆ రోజు మొత్తం మీద గోడ ముందు కూర్చున్నవాళ్లు నలుగురు.

సాయంత్రం షట్టరు సగం దించి సొరుగు తెరిచాడు. మేస్త్రి నుంచి రెండు వాయిస్ మెసేజీలు. పదకొండున్నరకు వచ్చాయి. దినమంతా అతను ఎవరెవరినో అనుమానిస్తూ తిరుగుతుంటే, జవాబు మూరెడు దూరంలో సొరుగులో పడుకుని ఉంది. మొదటిది నొక్కాడు. వెనకాల విమానాశ్రయం రొద.

"బావా, ఎత్తట్లేదు, సొరుగులో పెట్టేసి ఉంటావు. మంచిదే. నీ సముద్రం తీసింది నేనే. నా పెట్టెలో ఉంది, బట్టల కింద. నిన్న మీకు సెలవని తెలిసే వచ్చాను. అడిగితే ఇచ్చేవాడివి, అదీ తెలుసు. కానీ ఎందుకురా అంటావు కదా. అది నీ మొహం చూస్తూ చెప్పలేను. మొదటి ఫోటో పంపినప్పుడు మా ఆవిడ ఇదెక్కడ అంది. సెలవురోజు సముద్రానికి పోతాను, గాలికి, అన్నాను. ఒక్కసారే అన్నాను బావా. ఇక పద్దెనిమిదేళ్లు ప్రతి వారం పోవాల్సొచ్చింది. అలలెలా ఉన్నాయంటుంది. బాగున్నాయంటాను. నీకేంలే, సముద్రం పక్కనుంది అనుకుని నిద్రపోతుంది. ఇప్పుడు మా అల్లుడు ఈ ఊరికే పనికొస్తున్నాడు. వచ్చినవాడు తిన్నగా నీ దగ్గరికే వస్తాడు. మామయ్యా, ఇది గుడ్డ కదా అని నవ్వుతాడు. వాడు నవ్వితే నవ్వనీ. ఆవిడ మాత్రం, అన్నేళ్లూ నేనెక్కడున్నానా అని ఇప్పుడు కూర్చుని ఆలోచించకూడదు. గోడని అలా వదిలి రాబుద్ధి కాలేదు, అందుకని చేశాను. ఏడు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టు. మూడు వారాలు మేకు దిగనివ్వకు. దిగితే పగులుతుంది, నా పరువు పోతుంది."

బాబాయి ఫోను జేబులో వేసుకున్నాడు. లేచి బక్కెట్టులో నీళ్లు తెచ్చాడు. మగ్గుతో కొడితే కొత్త గోడ గబగబా తాగేసింది. బల్ల సర్దుకుంటున్న సెల్లు డాక్టరుతో, డ్రిల్లువాణ్ని రావద్దని చెప్పమన్నాడు. మూడు వారాలు ఈ గోడ జోలికి ఎవరూ రాకూడదు, మేడమ్‌తో తను మాట్లాడుకుంటాడు. బాబాయి ఎవరికైనా పని చెప్పగా ఎన్నడూ వినని ఆ కుర్రాడు నోరెళ్లబెట్టాడు.

"ఇంకో సంగతి. ఆ పాత వంతెనకి ఏ బస్సు వెళ్తుంది?"

"నన్నడుగుతావేంటి? దాని మీద ఎన్ని గంటలకు ఎండ పడుతుందో కూడా చెబుతావు కదా."

"ఎప్పుడూ వెళ్లలేదురా," అన్నాడు బాబాయి. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతను అనుకోలేదు.

కుర్రాడు వెళ్లాక రెండో మెసేజి నొక్కాడు. మేస్త్రి గొంతు తొందరలో ఉంది.

"బావా, పిలుస్తున్నారు. ఇదీ చెప్పేస్తే తేలికవుతుంది. నీ ఓడ పొగ ఒకవైపు, జెండా ఇంకోవైపు. నేను రెండోసారి వచ్చినప్పుడే చూశాను. చెబితే దిద్దేస్తావు. దిద్దితే ఇంట్లో ఉన్న ఫోటోకీ కొత్త ఫోటోకీ తేడా వస్తుంది. అందుకే నోరు మూసుకున్నాను. ఎలాగూ మళ్లీ గీస్తావు. ఈసారి సముద్రం మాత్రం వద్దు. నా తాపీ తాళంచెవి దగ్గరే వదిలేశాను, దాంతో నాకింక పనిలేదు."

పక్కసందు తలుపు తీసి చూశాడు. కరెంటు మీటరు మీద, మారుతాళంచెవి పక్కన, శుభ్రంగా కడిగి తుడిచిన తాపీ ఉంది. బొటనవేలు ఆనే చోట దాని కర్రపిడి నున్నగా గుంటపడి ఉంది.