ఒళ్ళో శవంతో ఒక చెక్క తల్లి

నేను ఒక చెక్క తల్లిని. పేరు మరియమ్మ. సిలువ మీంచి దించిన కొడుకు శవం నా ఒళ్ళో ఉంటుంది. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక కాపురం. నా ముఖంలోని శోకం ఏ శైలికి చెందిందో పండితులు వచ్చి తేల్చి, సంతోషంగా భోజనానికి వెళ్తుంటారు.

ఆరువందల ఏళ్ళ కిందట, రైన్ నది ఒడ్డున, కుంజ్ అనే శిల్పి నన్ను చెక్కాడు. కొడుకు పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపించేలా తీర్చి, గాయాల నెత్తురును ద్రాక్షగుత్తుల్లా వేలాడదీశాడు. చూసినవాళ్ళు ఏడవాలని ఆయన పట్టుదల. పక్క వీధిలో పస్తులున్నవాళ్ళ పక్కటెముకలూ అంతే స్పష్టంగా కనిపించేవి. వాటిని చూసి ఏడవమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నన్ను చర్చిలో ఒక మూల పెట్టారు. బిడ్డలు పోయిన తల్లులకు పాదిరిగారు లాటిన్‌లో ఓదార్పు చెప్పేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను ఏమీ చెప్పేదాన్ని కాదు. అందుకే కాబోలు, అందరూ నా దగ్గరికే చేరేవారు.

అలా వంద ఏళ్ళు గడిచాక వచ్చినావిడ ఆగ్నెస్. మహమ్మారికి ఇద్దరు కూతుళ్ళను పోగొట్టుకుంది. మిగిలిన కొడుకు లోరెంజ్ పెరిగి పెద్దవాడై పీపాలు చేసేవాడు. ఆ రోజుల్లోనే, బొమ్మలకు మొక్కడం పాపమని కొత్త బోధ వచ్చింది. సబబే కావచ్చు. కాని అది విన్న మగవాళ్ళకు దేవుడికంటే ముందు సుత్తులు గుర్తొచ్చాయి.

గుంపుతో పాటు లోరెంజ్ కూడా వచ్చాడు. అతను వేసిన మొదటి దెబ్బకే నా ఎడమ చెయ్యి ఊడిపడింది. రెండో దెబ్బకు సుత్తి ఎత్తేలోగా ఆగ్నెస్ వచ్చి నా ముందు చతికిలబడింది.

"లేమ్మా," అన్నాడు లోరెంజ్. "ఈవిడ కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుందని బైబిల్లో ఎక్కడుంది? చూపించు."

"చచ్చిన బిడ్డను తల్లి ఒళ్ళోకి తీసుకుంటుందని పుస్తకంలో రాయాలట్రా?"

గుంపులో ఎవరో నవ్వారు. ధర్మవీరుడు చెవులదాకా ఎర్రబడి, సుత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆగ్నెస్ నన్ను తోపుడుబండిలో ఇంటికి తెచ్చి, మేకల కొట్టంలో పెట్టింది. మేకలు నన్ను పూజించలేదు, పగలగొట్టలేదు. మతం విషయంలో నేను చూసిన అతి వివేకవంతులు అవే.

ఆ చలికాలం జ్వరాలు వచ్చాయి. లోరెంజ్ కొడుకు వెల్టెన్, నాలుగేళ్ళవాడు, పోయాడు. పిల్లవాణ్ణి పూడ్చిన మర్నాడు లోరెంజ్ తల్లిని వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చాడు. ఆమె గడ్డి మీద కూర్చుని ఉంది. అతని చూపు మాత్రం నా మీద ఆగింది. నా తెగిన చేతినీ, నా ఒళ్ళో ఉన్నవాణ్ణీ చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్ళని ఇట్లా కూర్చుంటుందమ్మా ఈవిడ?" అన్నాడు.

"ఏమోరా. నువ్వు చెయ్యి విరగ్గొట్టినప్పుడు కూడా లేవలేదు."

లోరెంజ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నాకు మొక్కుతాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. వందేళ్ళ అలవాటు మరి. కాని నా ఒళ్ళో చోటెక్కడిది? అతను మోకాళ్ళ మీదే జరుగుతూ వెళ్ళి, వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు.