కమాను పట్టీల అతుకు

తెనాలిలో తన వెల్డింగ్ షాపు ముందు ఆ ఆకుపచ్చ రెండు సీట్ల కారుని లారీలోంచి దింపుతుంటే యలమంద చేతిలో పని వదిలేసి లేచాడు. వెనకే కారు యజమాని గోపాలకృష్ణ చేతికర్ర ఊతంగా, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

ఏడాది కిందట, అరవై ఎనిమిదిలో, ఆయనే రేపల్లె నుంచి దాన్ని నడుపుకుంటూ వచ్చాడు. మద్రాసులో మోజుపడి కొన్న పాత స్పోర్ట్స్ కారు. వెనక ఏదో టకటకమంటోందన్నాడు. యలమంద కిందకి దూరి చూశాడు. బండి బరువు మోసే కమాను పట్టీలు ఛాసిస్‌కి తగిలించే చోట ఇనుము తుప్పుపట్టి పగిలింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు పొరలుగా రాలింది.

"ఇది అతుక్కి ఆగదండి. కుళ్ళిందంతా కోసి మందపాటి ప్లేటు వెయ్యాలి. నాలుగు రోజులుంచండి."

"ఎల్లుండి బాపట్లలో మా మరదలి పెళ్ళి. ప్రస్తుతానికి అతుకు పెట్టు, తర్వాత చూద్దాం."

పెళ్ళిబట్టలు కొనడానికి ఆయనతో వచ్చిన భార్య హైమావతి, "బస్సులో పోదాం లెండి" అంది. ఆయన నవ్వేశాడు. పెద్దింటి మనిషితో వాదనెందుకని యలమంద అతుకు పెట్టి పంపేశాడు.

పెళ్ళికి పోతుంటే, పిట్టలవానిపాలెం దాటాక అతుకు ఊడి వెనక చక్రం పక్కకి లాగేసింది. కారు పంటకాలవలో పడింది. హైమావతిని బయటికి తీసేసరికే ప్రాణం పోయింది.

"ఆ రోజు నువ్వు చెప్పినట్టు చెయ్యి. ఎన్నాళ్ళైనా సరే," అన్నాడిప్పుడు గోపాలకృష్ణ.

"ఇప్పుడెందుకండి?"

"అట్లా విరిగినట్టే వదిలెయ్యలేకపోతున్నా."

యలమంద పన్నెండు రోజులు చేశాడు. మంచి ఇనుము తగిలేదాకా కోశాడు. లోపలొకటి, బయటొకటి ప్లేట్లు వంచి పెట్టి, వేడికి ఛాసిస్ మెలిపడకుండా ఆపి ఆపి, కాస్త కాస్తగా వెల్డింగ్ చేశాడు. విరగని రెండో వైపూ అట్లాగే చేశాడు.

"చెయ్యనని ఆ రోజే నేననాల్సిందండి."

"అంటే ఇంకో షాపుకి పోయేవాణ్ణి," అన్నాడు గోపాలకృష్ణ. ఆ మాటతో ఇద్దరిలో ఎవరికీ బరువు తగ్గలేదు.

ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని, "రా, రేపల్లె రోడ్డు మీద చూద్దాం," అన్నాడు.

యలమంద పక్క సీటు వంక చూశాడు. "అందులో నేను కూర్చోలేనండి."

ఆయన బలవంతపెట్టలేదు. ఒంటరిగానే కారు నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక ఏ చప్పుడూ లేదు.

ఆ తర్వాత యలమంద తుప్పు మీద అతుకు పెట్టమన్న బండి దేన్నీ ముట్టుకోలేదు. జనం విసుక్కుని పక్క షాపులకి పోయారు. డెబ్బై రెండుకల్లా రోజుకో బండి వస్తే గొప్ప.

"అందరూ పెట్టేదేగా," అనేది భార్య ధనమ్మ.

"పెట్టనీ," అనేవాడు.