ఆఖరి పెట్టెలో గార్డు

సిలాసు నాపరాతి పలక మీద ఆకుపచ్చ పొడి పోసి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, గుండ్రాయితో నూరుతున్నాడు. బజార్లో డబ్బాల్లో, గొట్టాల్లో ఎన్ని రంగులు దొరికినా సరే, తన చేత్తో నూరని రంగును నమ్మే మనిషి కాదు. ఆ గుండ్రాయి చిన్న కొబ్బరికాయంత ఉంటుంది. తెనాలిలో బోర్డులు రాయడం నేర్పిన మాణిక్యం మేస్త్రి పోతూ పోతూ దాన్ని ఇతని చేతిలో పెట్టాడు. ఇద్దరి అరచేతుల కిందా నలిగి నలిగి దాని అడుగు నున్నగా అరిగిపోయింది. పొద్దుటినుంచీ సిలాసుకి ఎడం చెయ్యి లాగుతోంది. మంచం అంచున పడుకుని ఉంటానులే అనుకున్నాడు.

ఢిల్లీ జనక్‌పురిలో రెండో అంతస్తు ఫ్లాటు అది. పుట్టబోయే బిడ్డ కోసం ఆ చిన్న గదికి రంగులు వేయిస్తున్నారు. మైథిలి కోరిక ప్రకారం గది చుట్టూ రైలు నడుస్తోంది. గుమ్మం కుడిపక్క ఇంజను. అక్కణ్ణుంచి నాలుగు గోడలూ చుట్టి, ఆఖరి పెట్టె గుమ్మం ఎడమపక్కకు వచ్చి ఆగింది. కిటికీల్లో అన్నీ జంతువులే. ఏనుగు ఒళ్ళో టిఫిన్ క్యారియరుంది. పులి పేపరు తిరగేస్తోంది. ఒంటె మెడ పెట్టె పైకప్పులోంచి బయటికి పొడుచుకొచ్చింది. నల్లకోటు వేసుకున్న మొసలి టిక్కెట్లు అడుగుతోంది, కోతి టీ అమ్ముతోంది. ఆఖరి కిటికీలో, అందరికంటే చిన్నగా, ఒక కుందేలు పిల్ల.

చూసినవాళ్ళకి నవ్వు రావాలి. రాదు. ఎందుకంటే ఏ ఒక్కదానికీ కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట ఒలిచిన గుడ్డులాంటి నున్నటి తెలుపు. అంతమంది ప్రయాణికులు చూపుల్లేకుండా గోడల నిండా కూర్చుని ఉంటే, పనిమనిషి కూడా ఆ గది ఊడ్చేటప్పుడు తల ఎత్తేది కాదు.

కళ్ళు ఆఖర్న పెట్టడం సిలాసు అలవాటు. మొత్తం బొమ్మ అయ్యాక, ఒకే విడతలో, ఎవరితోనూ మాట్లాడకుండా పెడతాడు. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా తోడయింది. మైథిలి తల్లి జానకీదేవి గుంటూరు నుంచి పురిటికని వచ్చి ఈ గది చూసి నెత్తి కొట్టుకుంది. బిడ్డ పుట్టకముందే గుడ్డ కూడా కొనం, అలాంటిది గది అలంకరిస్తారా, ఉయ్యాల తెస్తారా అని అల్లుడు భరద్వాజ్ మీద విరుచుకుపడింది. ఆయన సాఫ్టువేరు కంపెనీలో పెద్ద ఉద్యోగి. అత్తగారి ముందు మాత్రం పిల్లిలా నిలబడ్డాడు. చివరికి రాజీ కుదిరింది. కళ్ళు పెట్టనంతవరకూ బొమ్మలు పూర్తికానట్టే లెక్క. బిడ్డ క్షేమంగా పుట్టాక సిలాసు వచ్చి కళ్ళు తెరుస్తాడు.

జానకీదేవి భయం ఊరికే వచ్చింది కాదు. మైథిలికి ఇది మూడో కాన్పు. మొదటి రెండూ నిలవలేదు. రెండోసారి ఆస్పత్రిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండి, ఓసారి ఇటు తిరిగితే, అద్దాల తలుపులోంచి పక్కన పిల్లల వార్డు గోడ కనిపించిందట. ఆ గోడ మీద గొడుగులేసుకున్న బాతులున్నాయి. అవి ఎవరు వేశారు సిస్టర్ అని అడిగిందట. ఆ సిస్టరు మార్త, సిలాసు భార్య. మా ఆయనే అండీ అని మార్త చెప్పింది. ఇంటికొచ్చి భర్తతో, పాపం ఆ అమ్మాయి మూడు రోజులకి మొదటిసారి నోరు తెరిచింది మీ బాతుల గురించేనండీ అంది. సిలాసు ఆ మాటను ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకున్నాడు. ఎవరన్నా పొగిడితే ఏం చెయ్యాలో తెలియని మనిషి.

అతని బతుకులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. మార్తకి నర్సు ఉద్యోగమొస్తే ఆమె వెనకే ఢిల్లీ వచ్చాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని రైలెక్కాడని చర్చిలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. హిందీ అక్షరాలను బొమ్మల్లా చూసి నేర్చుకుని షట్టర్ల మీద రాశాడు, స్కూటర్ల వెనక నంబర్లు రాశాడు, గోడల మీద ఇక్కడ పోస్టర్లు అంటించరాదని రాశాడు. ఎక్కడా కింద తన పేరు రాయలేదు. కూతురు ఆరాధన తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. ఇవాళ పొద్దున కూడా టిఫిను డబ్బా చేతికిస్తూ, "పాపా, షామ్ కో జల్దీ ఆనా" అంది. సాయంత్రం తొందరగా రావడమేగా, అట్టాగేలేమ్మా అని ఉత్తమ్‌నగర్ నుంచి బస్సెక్కాడు.

కిర్రుమని చప్పుడైంది. నూరడం ఆపి తల తిప్పాడు. గది మధ్యలో ఉన్న కొయ్య ఉయ్యాల ఊగుతోంది.

దాని మీద దుప్పటి కప్పి, ఊగకుండా తాడుతో కట్టింది జానకీదేవే. ఇప్పుడా తాడు కింద పడి ఉంది. ఫ్యాను తిరగడం లేదు. కిటికీ మూసే ఉంది. సిలాసు లేచి చేత్తో ఆపాడు. చెయ్యి తియ్యగానే మళ్ళీ మెల్లగా మొదలైంది.

కాఫీ తెచ్చిన జానకీదేవి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతని కోసం విడిగా పెట్టిన స్టీలు గ్లాసును ఎప్పటిలా కిటికీ గట్టు మీద పెట్టాల్సింది. ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఖాళీ ఉయ్యాల ఊగకూడదయ్యా. మా ఇంట్లో అయితే పొత్రం పడుకోబెట్టేదాన్ని. ఈ కొంపలో మిక్సీ తప్ప పొత్రం ఎక్కడ ఏడ్చింది?" అంది నీరసంగా.

సిలాసు చేతిలోని గుండ్రాయి వైపు చూసుకున్నాడు.

"ఇది పెట్టమంటారా అమ్మగారూ? ఇది కూడా రాయే కదండీ."

ఆమె సందేహించింది. ఎవరి రాయి, ఎవరి ఉయ్యాల అన్న లెక్క ఆమె మొహంలో కనిపించి పోయింది. ఆ చూపు సిలాసుకి కొత్త కాదు. ఉయ్యాల ఇంకా ఊగుతూనే ఉంది. చివరికి ఆమె రాయిని తీసుకెళ్ళి కడిగి, పసుపు రాసి, పాత చీర మడత మీద పెట్టింది. ఉయ్యాల టక్కున ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆమె వెళ్ళాక సిలాసు కింద పడిన తాడు తియ్యడానికి గుమ్మం వైపు వంగి, ఆఖరి పెట్టెకేసి చూశాడు.

కుందేలు పిల్లకి కళ్ళున్నాయి.

నల్లటివి, గుండ్రటివి, తడిగా మెరుస్తున్నాయి. తను పెట్టలేదు. తను పెట్టే కళ్ళలో ఒక మూల తెల్లచుక్క వదులుతాడు, వీటిలో అది లేదు. ఆ చూపు తిన్నగా ఉయ్యాల మీద ఉంది. ఈ పక్కకు నడిచాడు, ఆ పక్కకు నడిచాడు. ఎటు నుంచి చూసినా అది ఉయ్యాలనే చూస్తోంది.

మాణిక్యం మేస్త్రి మాట చెవిలో చెప్పినట్టు వినిపించింది. పని పూర్తికాకముందే కళ్ళు తెరిచిన బొమ్మ ఊరుకోదురా, ఎవరివో రెండు కళ్ళు మూసుకునేదాకా చూస్తూనే ఉంటుంది అనేవాడు ఆయన. సారా వాసనతో చెప్పేవాడు. కుర్రాళ్ళందరూ నవ్వేవాళ్ళు, సిలాసు కూడా నవ్వాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి ఇలాంటివి నమ్మకూడదు. నమ్మలేదు కూడా. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కళ్ళు ముందు పెట్టింది లేదు.

మైథిలి నడుం మీద చేతులానించుకుని లోపలికి వచ్చింది. అతని మొహం చూసి తలొంచుకుంది. పొద్దున్నే లేచి తనే పెట్టానని ఒప్పుకుంది. మిగతావన్నీ సరే, ఆ చిన్నదాన్ని గుడ్డిగా చూడలేకపోయిందట. భరిణెలో కాటుక వేలితో తీసి పెట్టిందట. అమ్మకి చెప్పొద్దంది.

"ఏం కాదు కదండీ, సిలాసు గారూ?"

అడిగి, జవాబు కోసం ఆగకుండా గోడవైపు తిరిగింది. గోడవైపు తిరిగి పడుకున్న అమ్మాయి ఇంకా లోపల ఉందని అతనికి అర్థమైంది. ఈసారి కూడా ఏదన్నా అయితే ఈ పిల్ల బతకదు.

"ఏమవుద్దమ్మా? ఏమీ అవదు. మీరెళ్ళి పడుకోండి" అన్నాడు.

ఆమె వెళ్ళగానే తడిగుడ్డతో తుడిచాడు. కాటుక ఆముదంతో చేసింది, గోడ సున్నం దాన్ని అప్పుడే పీల్చేసింది. తెల్లరంగు వేశాడు. ఆరుతూ ఉండగానే కింద నుంచి బూడిదరంగులో రెండు చుక్కలు పైకి తేలాయి. ఇంకో పూత వేశాడు. ఈసారి ముందుకంటే నల్లగా తేలాయి. నూనె మరక సున్నంలోంచి పైకి రావడం మామూలేనని, రంగులు పూసేవాడికి అది తెలియనిదేం కాదని తనకి తనే చెప్పుకున్నాడు. అయినా మూడో పూత వెయ్యకుండా కుంచె పక్కన పెట్టేశాడు.

చాలాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. తెచ్చుకున్న టిఫిను డబ్బా విప్పలేదు. తర్వాత లేచి, ఆఖరి పెట్టె చివర, కుందేలు పక్కనే, ఒక మనిషిని గియ్యడం మొదలుపెట్టాడు.

తెల్ల కోటు, నెత్తిన టోపీ, చేతిలో చుట్టిన పచ్చజెండా. పొద్దున నూరిన ఆకుపచ్చ దానికే సరిపోయింది. మొహం ఎవరిది పెట్టాలా అని ఆలోచించలేదు. బుగ్గలు లోపలికి పోయిన మొహం, పల్చటి మీసం, ఎడమ కనుబొమ మీద గాటు. ముప్ఫై ఏళ్ళుగా గడ్డం గీసుకునేటప్పుడు చూస్తున్న మొహమే. కళ్ళ దగ్గరికొచ్చేసరికి సన్నకుంచె తీశాడు. రెండు రెప్పలు గీశాడు. కిందికి దించి, పూర్తిగా మూసేశాడు.

మధ్యాహ్నం మైథిలి వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీరే! అచ్చం మీరే. కానీ గార్డు నిద్రపోతున్నాడేంటండీ?"

"గార్డు లేకుండా రైలు కదులుద్దా అమ్మా? అందుకని ఎక్కించాను. ముసలోడు, కాసేపు పడుకోనీండి."

ఆమె నవ్వింది. ఆ గదిలో అతను విన్న మొదటి నవ్వు అదే. ఆ నవ్వులోనే చటుక్కున వంగి తలుపు పట్టుకుంది.

ఆ తర్వాతంతా హడావిడి. జానకీదేవి కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఆఫీసుకి ఫోనెళ్ళింది. భరద్వాజ్ మారుతీలో వచ్చి వాలాడు. పక్క ఫ్లాటు ఉమా ఆంటీ మెట్ల మీద మైథిలి చెయ్యి పట్టుకుంది. వెళ్ళేటప్పుడు జానకీదేవి వెనక్కి తిరిగి, పని అయ్యాక తాళం ఉమ గారికి ఇచ్చి వెళ్ళమని సిలాసుకి చెప్పింది. ఇంకేదో చెప్పబోయి, "నీ దేవుడికి కూడా ఓ మాట చెప్పు నాయనా" అంది. నాయనా అని పిలవడం అదే మొదటిసారి.

ఇల్లు నిశ్శబ్దమైంది. కింద పాతసామాను కొనేవాడి కేక దూరమైపోయింది. సిలాసు కుంచెలు కడిగి వరసగా ఆరబెట్టాడు. ఇంటికి పోవాలి, పిల్ల తొందరగా రమ్మంది. ఎడం చేతి లాగుడు భుజం దాకా వచ్చింది. కాసేపు ఊపిరి తీసుకుందామని గార్డు బొమ్మ కింద గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

ఎదుటి గోడ మీద ఏనుగు, పులి, ఒంటె. వాటన్నిటినీ కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టే గీశాడు, బాగా గుర్తు. ఇప్పుడు ఆ తెల్లటి కళ్ళ గుంటలన్నీ ఇటు తిరిగి ఉన్నాయి. నీడ పడి ఉంటుంది, వెలుతురు తగ్గింది కదా అనుకున్నాడు. మెల్లగా తల పైకెత్తి పక్కకు చూశాడు.

కుందేలు పిల్ల ఇప్పుడు ఉయ్యాలను చూడటం లేదు. తననే చూస్తోంది.

సిలాసుకి భయం వేసింది. ఒళ్ళంతా చల్లబడేంత భయం. మార్త రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ ఉంటుంది, ఆరాధన గేటు దగ్గర నిలబడి ఉంటుంది. లేచి పోవాలనిపించింది. తలుపు నాలుగడుగుల దూరమే. కానీ తను లేచిపోతే ఆ చూపు మళ్ళీ ఎటు తిరుగుతుందో అతనికి తెలుసు. ఆ సంగతి తెలియగానే, ఎందుకో, గుండెల మీద బరువు దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాడు.

"అటు చూడమాక" అన్నాడు దాంతో, పసిదానికి నచ్చచెబుతున్నట్టు. "ఇటే చూడు."

హాల్లో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఆస్పత్రి నుంచి భరద్వాజ్, ఆడపిల్ల పుట్టిందని, గట్టిగా ఏడ్చిందని, తల్లీబిడ్డా బాగున్నారని చెబుదామని. ఎవరూ ఎత్తకపోయేసరికి ఉమ గారింటికి చేసి చెప్పాడు. ఆమె ఆ కబురు సిలాసుకి చెబుదామని తీసి ఉన్న తలుపులోంచి వచ్చింది. గోడ మీద గార్డూ గోడ కింద మనిషీ ఒకేలా కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు పిలిచింది.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. మార్త ఆస్పత్రిలో ఎన్నో చావులు చూసిన మనిషి. అయినా అతని గోళ్ళలో ఇరుక్కున్న ఆకుపచ్చ రంగు చూసి గొంతెత్తి ఏడ్చింది.

బారసాల నాడు మార్త కుంచెల పెట్టె తీసుకుపోవడానికి కూతురితో వచ్చింది. రైల్లో ఇంకా ఎవరికీ కళ్ళు లేవు. వేరే పెయింటర్ని పిలిపిస్తానని భరద్వాజ్ అంటే మైథిలి వద్దంది. కుందేలు కళ్ళు మాత్రం పూర్తిగా వెలిసిపోయాయి, వేసిన తెల్లరంగే మిగిలింది. ఎలా పోయాయో ఎవరూ అడగలేదు.

జానకీదేవి మార్తకి ఇంట్లోవాళ్ళు తాగే గ్లాసులో కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. తర్వాత, బిడ్డ తల్లి ఒళ్ళో ఉండగా, ఖాళీ ఉయ్యాలలోంచి గుండ్రాయిని రెండు చేతులతో తీసి, మీ ఆయనది తల్లీ, అని ఇవ్వబోయింది.

"ఉంచండమ్మా" అంది మార్త. "ఖాళీ ఉయ్యాల ఊగకూడదంట కదా."

ఆరాధన గోడ మీద గార్డు మూసిన కళ్ళను చేత్తో తడిమి, తల్లి వెనకే మెట్లు దిగింది. జానకీదేవి ఈసారి రాయిని కడగలేదు. అప్పుడు కడిగినా పోకుండా అడుగున ఎండిన ఆకుపచ్చ రంగు అలాగే ఉండగా చీర మడత మీద పడుకోబెట్టి, దాని మీద చెయ్యి వేసింది. అప్పుడే ఎవరో నూరుతూ నూరుతూ పక్కన పెట్టి లేచినట్టు, రాయి ఇంకా వెచ్చగానే ఉంది.