మా చెల్లెలి పడని డబ్బు

పెద్ద సరస్సు ఒడ్డునున్న మా టూ హార్బర్స్‌లో ఊరి ఆడవాళ్ల తలలన్నీ మా చెల్లెలు మార్లిస్ చేతిలోనే ఉంటాయి. ఒక కుర్చీ, రెండు డ్రయర్లు, కిటికీలోంచి ఇనప ఖనిజం ఓడలు కనపడే చిన్న కొట్టు. బతుకు వెళ్లదీసింది అక్కడే, రెండు మణికట్లూ అరగదీసుకున్నదీ అక్కడే. సొంత కొట్టు పెట్టుకున్నవాళ్లకి పెన్షన్ ఎవడిస్తాడు? ఇప్పుడు దానికి యాభై నాలుగు. సాయంత్రమయ్యేసరికి కాఫీ కప్పుని రెండు చేతులతో ఎత్తుతుంది. నేను చూశానంటే ఒక చెయ్యి తీసేస్తుంది. ఎప్పటికైనా ఆ కత్తెర కింద పెట్టాలంటే దాచుకున్న డబ్బు కాస్త ఎదగాలి. అంతకుమించి దారి లేదు.

అందుకే మూడేళ్ల కిందట మా అమ్మాయి బ్రిట్టా దాని ఫోనులో రిటైర్మెంట్ ఖాతా ఒకటి తెరిచి పెట్టింది. ఆ రోజునుంచీ మార్లిస్ టిప్పులన్నీ కాఫీ డబ్బాలో వేసుకుని, కొట్టుకు సెలవైన సోమవారం బ్యాంకులో కట్టి, అక్కణ్ణించి ఆ ఖాతాలోకి పంపేది. చర్చికి ఒక్కో ఆదివారం ఎగనామం పెట్టేదేమోగాని, దీనికి మాత్రం సోమవారం తప్పలేదు.

మా తీరంలో రెండు పద్ధతులున్నాయి. ఒకరి డబ్బు సంగతి ఒకరం అడగం. మొగుడి తాగుడు గురించి అడగొచ్చు, గర్భసంచి ఆపరేషన్ గురించి అడగొచ్చు, ఎంత దాచావు, ఎందులో దాచావు అని మాత్రం అడగకూడదు. రెండోది, ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దనాలి. మూడోసారి కూడా అడిగితే, "సరే మరి, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. మొదటిసారే కాఫీ తీసుకున్న మనిషి గురించి ఇక్కడ మనవల దాకా చెప్పుకుంటారు. ఈ రెండు పద్ధతులూ కలిసి మా చెల్లెలి కొంప ముంచినంత పని చేశాయి.

పోయిన వసంతంలో షేర్ మార్కెట్ దబ్బున పడింది. మార్లిస్ కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడదీ అదే ఏడుపు. ఒకామె పడవ అమ్మేస్తానంది. ఇంకొకామె మొగుడు భోజనం దగ్గర కూడా ఫోను వదలడం లేదట. వీళ్ల మధ్యలో మార్లిస్ సిగ్గుపడుతూ, నెమ్మదిగా, "ఏమోనండీ, నాది మాత్రం ఒక్క సెంటు కూడా పడలేదు" అంది.

అంతే. ఊరంతా పాకింది. జుట్టు పనేమీ లేకపోయినా డెంటిస్టు గారి భార్య వచ్చి కొసలు కత్తిరింపించుకుని పోయింది. ఏం కొన్నావని నోరు తెరిచి అడగలేరు కదా, పద్ధతి అడ్డం. అద్దంలో దాని మొహం చూస్తూ, "నీకు భలే తెలుసమ్మా" అనేవాళ్లు. "తెలియడానికేముందండీ, వేసి మర్చిపోవడమే" అనేది ఇది, పెద్ద అనుభవజ్ఞురాలిలా.

నాకు ఒళ్లు మండిపోయింది. బడి లైబ్రరీలో పుస్తకాలు సర్ది సర్ది నేను కూడబెట్టింది కరిగిపోతోంది, నేను రేడియో మీద అరుస్తున్నాను. చిన్నప్పుడు మంచు మీద నా చెయ్యి పట్టుకుంటేగాని నడవలేని ఈ పిల్లకేమో ఒక్క సెంటు పోలేదు. అసూయే. చెల్లెలి మీద కాకపోతే ఇంకెవరి మీద పడతాను? సోమవారం పుల్లటి రబర్బ్ కాడలతో తీపి బార్లు ఒక పళ్లెం నిండా చేసి, పద్ధతి గిద్ధతి గట్టున పెట్టి, సెలవురోజున కొట్టు సర్దుకుంటున్న దాని దగ్గరికి వెళ్లాను.

"ఫోను ఇలా తే. నువ్వు కొన్నదేదో నేనూ కొంటాను" అన్నాను.

"ఏం కొనడం అక్కా?"

"అదేనే, ఖాతాలో డబ్బు దేనిలో పెట్టావు?"

"ఖాతాలోనే పెట్టాను."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. మూడేళ్ల టిప్పులు, ఒక్కటీ చెదరకుండా, నగదు అన్న మాట కింద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఒక్క షేరు లేదు, ఒక్క ఫండు లేదు. అనుమానం తీరక డులూత్‌లో ఉన్న బ్రిట్టాకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాను.

"పిన్నీ, నువ్వు ఏదీ కొనలేదా?" అంది బ్రిట్టా. "ఖాతా అంటే ఉట్టి సంచీయే. అందులో డబ్బు వేశాక దాంతో ఏదైనా కొనాలి. నేను చెప్పలేదూ?"

"చెప్పావేమోనమ్మా. పంపడం వరకే నాకు గుర్తుంది."

"పోనీ, ఫోనే గుర్తుచేస్తుందే, మీ డబ్బు ఖాళీగా ఉంది, పెట్టుబడి పెడతారా అని?"

మార్లిస్ మొహం ఎర్రబడింది. "వారం వారం అడిగేది. ఇప్పుడు వద్దులెండి అని నొక్కేదాన్ని."

"మూడోసారికైనా ఒప్పుకోవాలి కదే, పిచ్చిదానా" అన్నాను.

"అది మనిషి కాదుగా అక్కా. ఏదో అమ్మజూపుతోందనుకున్నాను."

నేను నవ్వబోయి, దాన్ని చూసి ఆగిపోయాను. వెళ్లి తన కుర్చీలో తనే కూర్చుంది, గిరాకీలా. మణికట్టు ఒళ్లో పెట్టుకుని నిమురుకుంటోంది. ఈ మూడేళ్లలో షాంపూ ధర పెరిగింది, కొట్టు అద్దె పెరిగింది, దాని డబ్బు మాత్రం వేసిన చోటే ఉంది. ఆ సంగతి దానికి అర్థమైందని నాకు అర్థమైంది.

"పోనీలే, ఉంది కదా. పడలేదు కదా" అంది.

"విత్తనాలు బస్తాలో పెట్టుకుని, నా పంటకి పురుగు పట్టలేదని మురిసినట్టుంది. ఇప్పుడైనా కొను."

"వద్దులే అక్కా."

"కొనవే."

"వద్దంటున్నానా. ఇన్నాళ్లూ ఈ కుర్చీలో ఏడ్చినవాళ్ల తలలు పట్టుకున్నది నేను. చూస్తూ చూస్తూ ఎలా దిగమంటావు? ఇది పోతే మళ్లీ సంపాదించే చేతులు కావు ఇవి."

మొండిఘటం. ఇంకొక్క మాట ఉంటే తగువయ్యేది. బార్ల పళ్లెం ఎత్తుకుని విసురుగా వచ్చేశాను. సగం దారిలో మనసొప్పక వెనక్కి వెళ్లి పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. అది నా చెల్లెలు, ఏం చెయ్యను?

గురువారం ఆర్డిస్ గారి రోజు. ఎనభై దాటిన ఆవిడ. భర్త హెరాల్డ్ ఖనిజం రేవులో పనిచేసి పోయాడు. ఆవిడ కారు నడపడం మానేశాక నేనే దింపుతున్నాను. మార్లిస్ కొట్టు తెరిచినప్పటినుంచీ వారం వారం అక్కడే జుట్టు సెట్టు చేయించుకుంటుంది.

డ్రయర్ కింద కూర్చున్నవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. "అమ్మాయ్ మార్లిస్" అని ఆర్డిస్ గారు కేకేసింది, "నాదీ పడిందే. ఈ వయసులో నాకు సిగ్గేమిటి, అడిగేస్తున్నాను. నీది దేనిలో ఉందో చెప్పు, నేనూ అందులోకి మార్చేస్తాను."

మార్లిస్ చేతిలో దువ్వెన ఆగింది. నేను చదువుతున్న పత్రిక దించాను. అబద్ధమాడితే ముసలావిడ కొంప మునుగుతుంది. నిజం చెబితే శనివారానికల్లా ఊరు నవ్వుతుంది. మార్లిస్ వెళ్లి డ్రయర్ ఆపింది.

"దేనిలోనూ లేదు ఆర్డిస్ గారూ. ఖాతాలో వేశానంతే. కొనాలని తెలియలేదు. అందుకే పడలేదు."

ఆర్డిస్ గారు నవ్వలేదు. తల నిండా రోలర్లతో దానివైపు తిరిగింది.

"నేను నీకిచ్చే టిప్పు ఎక్కడిదనుకుంటున్నావే?"

"హెరాల్డ్ గారి పెన్షన్‌లోది."

"ఆయన పెన్షన్ చలికాలం ఇల్లు వెచ్చబెట్టే నూనెకే చాలదు. నా జుట్టు డబ్బులు ఫండువి. కంపెనీలన్నిటిలో తలా పిసరు కొనే ఫండు ఒకటుంటే, జీతం అందిన ప్రతిసారీ అందులో కాస్త వేసేవాడు. పెరిగినప్పుడూ వేశాడు, పడినప్పుడూ వేశాడు, నేను తిట్టినప్పుడూ వేశాడు."

"చాలాసార్లు పడిందా?"

"పడింది. ఒకసారి నేను తిండి మానేసి ఏడ్చాను. ఆయన చేపలకి వెళ్లిపోయాడు. అమ్మలేదు, మళ్లీ లేచింది. లేవడానికి ఏళ్లు పట్టింది, అబద్ధమెందుకు. అయినా నేను ఒక్క గురువారమన్నా రాకుండా ఉన్నానా?"

మార్లిస్ తల అడ్డంగా ఊపింది. తన కాఫీ డబ్బాలో ఇన్నేళ్లుగా పడుతున్నది తను భయపడే చోటినుంచే వస్తోందని అప్పుడే తెలిసింది దానికి. నాకూ అప్పుడే తెలిసింది.

"అద్దెకీ తిండికీ కావలసింది బ్యాంకులో ఉంచుకో, దాని జోలికి పోకు" అంది ఆర్డిస్ గారు. "ఈ డబ్బు నీకు పదేళ్లదాకా అక్కర్లేదుగా? దాన్ని పనిలో పెట్టు. నీ చేతులకి బదులు అది చేస్తుంది."

మార్లిస్ నావైపు చూసింది. సోమవారం నేను అడిగింది రెండుసార్లు. ఇది మూడోది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

"సరే మరి, మీరింతగా అంటున్నారు కాబట్టి" అంది.

ఆవిడ చెప్పినటువంటి ఫండే, ఖర్చు తక్కువది, బ్రిట్టా ఫోనులో పేరు చెబుతూ ఉండగా సగం డబ్బుతో అప్పుడే కొంది. మిగతా సగం కొంచెం కొంచెంగా కొనడానికి సోమవారాలకి అట్టేపెట్టుకుంది. సీసా మూత కూడా తిప్పలేని ఆ బొటనవేలు బొత్తాం మీద చాలాసేపు నిలబడింది. తరవాత నొక్కింది. ఆర్డిస్ గారు, "ఇంక నా డ్రయర్ పెట్టవే, చలేస్తోంది" అంది.

శనివారం పొద్దున ఫోను మోగింది. వెనకాల కొట్టు కిటకిటలాడుతున్న చప్పుడు.

"అక్కా, నిన్న పడింది."

దీన్ని దింపినవాళ్లలో నేనూ ఒకదాన్ని. "ఎంత?"

"తొమ్మిది డాలర్లు."

ఏం చెప్పి ఓదార్చాలా అని వెతుక్కుంటున్నాను. ఫోను పక్కకి జరిపిన చప్పుడైంది. కొట్టులో అందరికీ వినపడేలా, "నాదీ పడిందండోయ్" అంటోంది మార్లిస్. ఇన్నాళ్లూ అసలు ఎందుకు పడలేదో కూడా దాచకుండా చెప్పింది. ఆపైన డెంటిస్టు గారి భార్య నవ్వు, ఎవరిదో చప్పట్లు, అందరికంటే గట్టిగా మా చెల్లెలి నవ్వు. ఊరంతా మెచ్చుకున్న రోజుల్లో కూడా దాని గొంతులో అంత గర్వం నేను వినలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"వచ్చే సోమవారం మళ్లీ కొంటావా?" అని అడిగాను.

ఒక్కసారే అడిగాను. "కొంటాను" అంది.